వీపు తడిగా ఉందమ్మా

రెండేళ్ళకోసారి మా నర్సులకు పరీక్ష. ఇందులో తప్పితే ఎమర్జెన్సీ వార్డులో ఉండనివ్వరు, తీసుకెళ్ళి రికార్డుల గదిలో పడేస్తారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు పెట్టుకుని పేషెంటు బదులు పడుకోబెట్టే ఒక రబ్బరు బొమ్మ ముందు వణకడమేమిటని నన్ను నేనే కసురుకున్నాను.

నిజానికి నా భయం బొమ్మంటే కాదు. ఆరేళ్ళ కిందట ఒక వాన పొద్దున, లారీ గుద్దిన తాపీమేస్త్రీని మా వార్డుకు తెచ్చారు. "వీపు తడిగా ఉందమ్మా" అన్నాడు. "వానలో పడుంటే తడవక ఏమవుతుంది నాయనా" అని నవ్వి, నేను సెలైన్ పెట్టే పనిలో పడ్డాను. అది వాన కాదు. తిప్పి చూసేసరికి పరుపంతా నెత్తురు. అరగంటలో పోయాడు. ఆ గొంతు మాత్రం నన్ను వదల్లేదు. కూర తరుగుతున్నా వినిపిస్తుంది, బట్టలు ఆరేస్తున్నా వినిపిస్తుంది.

అప్పటినుంచి వార్డులో కొత్తగా చేరే ప్రతి పిల్లకూ నా పాఠం ఒకటే. "పుస్తకం సంగతి తర్వాత. ముందు వీపు చూడండి." చిట్టి అని పిలుచుకునే చిన్న నర్సుకైతే చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాను.

పరీక్ష గదిలో బల్ల మీద బొమ్మ ఉంది. దాని చప్పుళ్ళూ మాటలూ నడిపేది పక్కగదిలో కూర్చున్న డాక్టరు. "మొదలుపెట్టండి సిస్టర్" అన్నాడు మైకులో. బొమ్మ గురగురమంది. ఆ వెంటనే, చాలా దగ్గరగా, "వీపు తడిగా ఉందమ్మా" అని వినబడింది.

సాయానికున్న నర్సును తల పట్టుకోమని, బొమ్మను పక్కకు తిప్పాను. వీపు తడిమాను. పొడిగా ఉంది. నమ్మకం కుదరక మళ్ళీ తడిమాను. ఇంతలో గురగుర ఆగిపోయింది. హమ్మయ్య, నెమ్మదించాడు అనుకున్నాను.

డాక్టరు లోపలికి వచ్చాడు. "పేషెంటు చచ్చిపోయాడు సిస్టర్. నోటినిండా నెత్తురు, ఊపిరాడక గురగురమంటుంటే వీపు చూస్తారేమిటి? ముందు గొంతు కదా శుభ్రం చేయాలి!"

"తడిగా ఉందన్నాడు కదండీ."

"ఎవరన్నారు? నేను బొమ్మచేత ఒక్క మాట కూడా పలికించలేదే."

బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను. వార్డు పోతే పోయింది. ఈ ఆరేళ్ళలో ఎంతమంది గురగుర ఆగినప్పుడు నేను హమ్మయ్య అనుకున్నానో గుర్తు చేసుకోబోయి, భయమేసి మానుకున్నాను.

తర్వాత వంతు చిట్టిది. "అక్కా, మీరు చెప్పిందేదీ మర్చిపోలేదు" అని హుషారుగా వెళ్ళింది. "ఆగవే!" అని నేను లేచేలోపు తలుపు మూసుకుంది. గడియ పడింది.

తలుపు అద్దానికి ముఖం ఆనించి, అరచేత్తో బాదాను. చిట్టి నావైపు చూసి నవ్వింది. రెండు చేతులూ బొమ్మ వీపు కిందికి పోనిచ్చింది.