శాంతి కొన్న మూడు లైట్లు

"స్క్రిప్ట్ రాస్తే నాటకం అయిపోదు శాంతిగారూ. స్టేజీ కావాలి, లైట్లు కావాలి. అవి నావి," అన్నాడు కిరణ్‌కుమార్, పదిమంది ముందు నవ్వుతూ.

శాంతి తన అమ్మమ్మ మీద రాసి, వేయిస్తాడని ఇచ్చిన నాటకాన్ని అతను అమెరికాలోని ఎడిసన్ ఊళ్లో పెద్ద హాల్లో తన పేరుతో వేసుకున్నాడు. ఇదేమిటని అడిగితే దొరికిన జవాబు అది. ఆమె ఏడవలేదు. అదే నాటకాన్ని అతని గుమ్మం ముందు ఆడి తీరాలని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

నటులు ముగ్గురు దొరికారు. స్టేజీతో పనిలేదు, వాళ్లుండే ప్లెయిన్స్‌బరోలో ఏ అపార్ట్‌మెంట్ ముందు చూసినా పచ్చికే. చిక్కల్లా లైట్లతోనే. అద్దె లైట్లకు కరెంటు కావాలి, మోయడానికి వ్యాన్ కావాలి, రేటు వింటే గుండె ఆగుతుంది. కాలేజీలో థియేటర్ చదువుతున్న పక్కింటి వేదను వెంటబెట్టుకుని హార్డ్‌వేర్ షాపుకెళ్లింది.

"ఆంటీ, ఇది చూడండి. కార్ రిపేర్ వాళ్లు వాడేది. చార్జ్ చేస్తే టూ అవర్స్ వస్తుంది."

శాంతి ఆ వెలుగులో చెయ్యి పెట్టింది. చర్మం పాలిపోయి శవం చెయ్యిలా కనబడింది. "మా అమ్మమ్మ బతికుండగా జరిగే కథ ఇది," అని పక్కన పెట్టేసింది. ఇంకొకటి ఫోన్ కెమెరాలో చారలు చారలుగా వణికింది. దాన్ని వేద వద్దంది. చివరికి దీపం రంగు కాంతి ఇచ్చేవి, స్టాండ్లతో సహా కారు డిక్కీలో పట్టేవి, మూడు దొరికాయి. కళ్లలో గుచ్చకుండా వాటి ముందు వంటింటి బేకింగ్ కాగితం అంటించారు.

శనివారం పొద్దుగుంకే వేళ కిరణ్‌కుమార్ ఉండే అపార్ట్‌మెంట్ల ముందు నాటకం మొదలైంది. గుంటూరు నుంచి వచ్చి ఉన్న అతని తల్లి శేషమ్మ ముందు వరుసలో కూర్చుంది. పక్కనే అతనూ నిలబడక తప్పలేదు.

చివరి సీనులో ముసలావిడ ఖాళీ గదిలోకి రెండు గ్లాసుల మజ్జిగ తీసుకెళ్లి, ఒకటి తాగి, రెండోదాని మీద మూత పెట్టింది. నాటకం అయిపోయింది.

"ఇది మావాడు రాసిందే. ఎడిసన్‌లో చూశాగా," అంది శేషమ్మ గర్వంగా.

శాంతి ఈ మాట కోసమే కాచుకుని ఉంది. ఒక లైటును స్టాండుతో సహా ఎత్తుకొచ్చి కిరణ్‌కుమార్ ఎదురుగా పెట్టింది.

"ఆ రెండో గ్లాసు ఎవరికి కిరణ్‌గారూ? ఈ లైట్లు మీవి కావు. మాటలైనా మీవేగా, చెప్పండి."

అతను కళ్లు చిట్లించాడు. "అదీ... సింబాలిక్ అండీ. ఆడియన్స్‌కి వదిలేశాం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"మా అమ్మమ్మ చెల్లెలికండీ," అంది శాంతి, శేషమ్మ వైపు తిరిగి. "జ్వరంలో మజ్జిగ అడిగితే అమ్మమ్మ ఇవ్వలేదట. తెల్లారేసరికి ఆ పిల్ల పోయింది."

శేషమ్మ కొడుకు వైపు చూసింది. "ఎవరి అమ్మమ్మరా?"

"శాంతిగారి అమ్మమ్మ," అన్నాడతను తల దించుకుని.

"ఆంటీ, చాలు, ఆఫ్ చేద్దాం," గొణిగింది వేద.

"ఉండనీ."

అతను లోపలికి పోయేదాకా ఆమె లైటు తీయలేదు.

మర్నాడు సారీ అని మెసేజ్ వచ్చింది. శాంతి రెండుసార్లు చదువుకుంది, జవాబివ్వలేదు. ఎడిసన్ హాల్లో అది అతని నాటకమే అనుకుని చప్పట్లు కొట్టినవాళ్లు ఇంకా మూడొందల మంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఉండే కాలనీలో పచ్చిక మీద నాటకం ఆడటానికి పర్మిషన్ అడుగుతూ ఈమెయిల్ రాయడం మొదలుపెట్టింది.