మామగారి బొటనవేలు

ఆపిల్ పండు పేరెత్తితేనే కోడలికి ఒళ్ళు మండిపోతోంది. మార్కెట్లో దెబ్బ తిన్న పళ్ళు కారుచౌకగా ఇస్తున్నారని ఎగబడి ఓ పెట్టె మోసుకొచ్చింది. పైవరసలో పళ్ళు పెళ్ళికూతుళ్ళలా మెరిశాయి. కిందవరస సంగతి అమ్మినవాడు చెప్పలేదు, ఈవిడ అడగలేదు. ఇప్పుడు కుళ్ళు చెక్కి, పురుగు తీసి, గింజలు ఏరి, మిగిలింది ముక్కలు కోసేసరికి వేళ్ళు నల్లబడ్డాయి. మొగుడు మహానుభావుడు "నేనొచ్చి సాయం చేస్తాలే" అని డ్యూటీకి చెక్కేశాడు.

ఇంత తిప్పలూ మామగారి కోసం. ఆయన బతుకంతా పంక్చర్ల దుకాణంలో గడిచింది. గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఆయనకి ఆపిల్ గుజ్జు తప్ప మరేదీ మింగుడుపడటం లేదు. కొట్లో చిన్న సీసా కొంటే, దాని మీద అంటించిన ధర చదివి, రెండు చెంచాలు తిని "చాలమ్మా, పొట్ట నిండిపోయింది" అంటారు. ఎవరి పొట్ట? చొక్కా లోపల మనిషే కనిపించడం లేదు. ఒళ్ళు చేస్తే తప్ప రెండో ఆపరేషన్ చెయ్యనని డాక్టరు తెగేసి చెప్పాడు. బతిమాలింది, అలిగింది, లాభం లేదు. ఇంట్లోనే చేసి అలమర నిండా సీసాలు పేరిస్తే అప్పుడెలా తినరో చూద్దామని కోడలు పంతం పట్టింది.

ముక్కలు ఉడికించి, నిమ్మరసం పిండి, జల్లెడలో రుద్ది గుజ్జు తీసింది. ఇరుగుపొరుగుల దగ్గర అడుక్కొచ్చిన సీసాల్లో వేడివేడిగా నింపింది. మూతలు మాత్రం కొత్తవి కొంది, అక్కడ పీనాసితనం పనికిరాదు. రేకు మూత కదలకుండా దాని మీద మరచుట్టు రింగు బిగించి, పెద్ద గిన్నె అడుగున గుడ్డ పరిచి, సీసాలు మునిగేలా నీళ్ళు పోసి మళ్ళీ మరిగించింది. చెయ్యి కాల్చుకుంది. తీసి బల్ల మీద వరసగా పెట్టింది. ఇక భారమంతా మూతలదే. సీసా చల్లారుతుంటే మూత మధ్యభాగం టక్కుమని దానంతటదే లోపలికి దిగాలి. దిగితే నెలల తరబడి నిలవుంటుంది. దిగకపోతే ఒక్కరోజులోనే తినేయాలి, ఎందుకంటే ఫ్రిజ్ పాడై మూలన కూర్చుంది.

ఆమె స్నానానికి వెళ్ళింది. ఒంటి మీద నీళ్ళు పోసుకుంటుంటే వంటింట్లోంచి టక్, టక్, టక్ అని వినిపించింది. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వొచ్చింది. తల తుడుచుకుంటూ బయటికొచ్చి చూస్తే, మామగారు బల్ల ముందు నిలబడి ఒక్కో మూతా బొటనవేలితో నొక్కుకుంటూ పోతున్నారు.

"ఏం చేస్తున్నారు మామయ్యా!"

"ఉబ్బెత్తుగా ఉన్నాయమ్మా," అన్నారు ఆయన బొంగురు గొంతుతో, సంతోషంగా. "నొక్కితే కూర్చున్నాయి. ప్యాచీ వేశాక గట్టిగా నొక్కకపోతే గాలి పోదూ?"

"అయ్యో, ఇది ట్యూబు కాదు మామయ్యా! ఇప్పుడు ఏది దానంతటది దిగిందో, ఏది మీరు దింపారో ఎలా తెలిసేది? పొద్దున్నుంచి గాడిదచాకిరీ చేశాను. మీకు తెలీని పనిలో వేలెందుకు పెట్టారు?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కాపురానికొచ్చాక ఆమె ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు. ఆ రాత్రి "ఆకలి లేదమ్మా" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆమెకి ఆయన మీద కోపం, తన నోటి మీద అంతకన్నా కోపం.

మర్నాడు పొద్దున్న సీసాలన్నీ పూర్తిగా చల్లారాయి. పరీక్ష ఒక్కటే ఉంది. రింగు విప్పి, మూత అంచు పట్టుకుని సీసాని పైకి లేపాలి. గట్టిగా అతుక్కుంటే సీసా కూడా లేస్తుంది. కింద దుప్పటి మడత పెట్టి మొదటిది లేపింది. మూత చేతికొచ్చింది, సీసా బల్ల మీదే ఉండిపోయింది.

"పోయింది. ఇక పారబోసుకోవడమే!" అంది కసిగా.

మూలన కూర్చున్న మామగారు తలెత్తారు. పనికిరాని ట్యూబు ముక్కని కూడా పారేయని మనిషి. "పారబోయడమేంటమ్మా? ఇటివ్వు."

గిన్నెలో వేసిస్తే తిన్నారు. మెల్లమెల్లగా, గుటక గుటకకీ మొహం చిట్లించుకుంటూ, చివరికి సీసా గోడలు కూడా గీకి తిన్నారు. కోడలు నోరు తెరుచుకుని చూసింది. ఆపరేషన్ తర్వాత ఆయన అంత తినడం ఆమె చూడలేదు.

రెండో సీసా లేచింది. మూడోదీ లేచింది. వరసలో మిగిలినవన్నీ రాయిలా అతుక్కునే ఉన్నాయి. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి ఆమెకి ఏడుపొచ్చింది. ఇవన్నీ అలమరలోకి వెళ్తాయి, ఈయన మళ్ళీ రెండు చెంచాలకి దిగుతారు. అలమర నిండుగా ఉంటే ఇంకా జాగ్రత్తగా దాస్తారు.

ఆమె ఆయన వైపు వీపు తిప్పి ఒక సీసా తీసుకుంది.

"ఇదీ పోయింది మామయ్యా," అంటూ మూత కింద చెంచా దూర్చి ఎత్తింది. సుయ్ మని గాలి లోపలికి దూరింది.

గాలి చప్పుడు వినడమే ఆయన బతుకుతెరువు. "పోయిన సీసా అలా గాలి లాగదమ్మా," అన్నారు.

"అయితే పారబొయ్యనా?" అంది ఆమె, ఇటు తిరక్కుండానే.

ఆయన బల్ల మీది సీసాల వరస వైపు చూశారు.

"రేపు కూడా ఒకటి పోతుందా?"

"రోజూ ఒకటి పోతుంది."

మామగారు ఖాళీ గిన్నె ముందుకు జరిపారు.