నాలుగు ఖాళీలు

ఆఫీసు మీటింగులో సీనియర్ ప్రోగ్రామర్ పంతమే నెగ్గింది. ఇకపై కంప్యూటర్ ప్రోగ్రాములో వరుసలను ట్యాబ్ మీటతో కాకుండా నాలుగేసి ఖాళీలతో లోపలికి జరపాలి. "ట్యాబే కావాలంటే టైపు మిషన్ కొనుక్కోండి" అని అతనంటే అందరూ పగలబడి నవ్వారు.

మర్నాడు అతను ఏదో అడగబోయి, పక్క వరుసలో కూర్చునే అమ్మాయి వెనక ఆగిపోయాడు. ఆమెకు చూపు మందమని అతనికి తెలియనిది కాదు. తెరమీద అక్షరాలు కోడిగుడ్లంత ఉన్నాయి. ట్యాబ్ అయితే వరుస మొదట్లో వదిలే జాగాను ఎవరి తెరమీద వాళ్లు తగ్గించుకోవచ్చు. ఇప్పుడు అక్షరాలతో పాటే పెరిగిన ఖాళీలు సగం తెర మింగేశాయి. ఆమె తెరను వరుస చివరికి జరిపి చదువుతోంది, మొదలు మరిచిపోయి మళ్లీ వెనక్కి వస్తోంది.

"నిన్ననే చెప్పొచ్చు కదమ్మా?"

"చెబుదామనే నోరు తెరిచాను సార్. ఈలోగా మీరు జోకేశారు. ఇక నేనూ నవ్వేశాను."

అతనికి తల కొట్టేసినట్టయింది. సీటుకు వెళ్లి, పాత ట్యాబ్ పద్ధతే ఉంచుదామని అందరికీ రాయబోయాడు. "కొందరి సౌకర్యం కోసం" అని మొదలుపెట్టాడు. అలా రాస్తే ఇందులోనూ తనే దయగలవాడు అవుతాడు. అది కొట్టేసి, "నిన్న ఎవరినీ మాట్లాడనివ్వలేదు, తప్పు నాది" అని రాశాడు. పంపాక చాలాసేపు ఆమె వైపు తల తిప్పలేకపోయాడు.