బుడ్డోడి ఊపిరి లెక్క

టీకాల రోజున ఊరి క్లినిక్కు నర్సు శివలీల తల్లులందరికీ ఒక మాట చెప్పింది. "బిడ్డకు దగ్గు వస్తే అంగీ ఎత్తి పొట్ట చూడండి. నిమిషంలో ఊపిరి ఎన్నిసార్లు తీస్తాడో ఎంచండి. ఏడాది లోపు బిడ్డకు యాభై అయితే ఇంక ఆగొద్దు, నా కాడికి తెచ్చేయండి. మందు ఊరికే ఇస్తాం."

ఏడో తరగతిలో బడి మానిన సాహితి పాఠాలన్నీ మర్చిపోయింది గానీ ఈ మాట మర్చిపోలేదు. పది నెలల కొడుకు తుమ్మితే చాలు, ఫోన్లో గడియారం పెట్టుకుని కూర్చునేది.

మొదటి జలుబుకే డెబ్బై ఎనిమిది వచ్చింది. ఆమె పెట్టిన కేకకు అత్త రామసుబ్బమ్మ పొయ్యి మీద సంగటి వదిలేసి, మామ ఓబుళేశు సగం గీసిన గడ్డంతో క్లినిక్కుకు పరుగెత్తారు. శివలీల ఎంచితే ముప్పై తొమ్మిదే.

"ఎట్ల ఎంచినావు సాహితీ?"

"లోపలికి పోతే ఒకటి, బయటికొస్తే ఒకటి మేడమ్."

"రెండూ కలిపి ఒకటే తల్లీ!"

సంగటి మాడిన కోపంతో రామసుబ్బమ్మ ఊరంతా చెప్పింది. "మా కోడలి లెక్కలో మనిషికి రెండు ముక్కులు, నాలుగు చెవులు."

పదిహేను రోజులకు మళ్లీ దగ్గు. ఈసారి యాభై నాలుగు. మళ్లీ ఎంచింది. యాభై ఐదు.

"అత్తా, పోదాం పదా!"

"సగం చేసుకో మే. బిడ్డ బాగుండాడు."

"ఈతూరి సరిగ్గానే ఎంచినా!"

"పోయినతూరీ అదే అంటివి."

"ఈతూరన్నా గడ్డం పూర్తిగా గీసుకోనీమ్మా" అన్నాడు మామ. మొగుడేమో తుమ్మలపల్లె గనిలో షిఫ్టులో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు. సాహితి బిడ్డను చంకనేసుకుని, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అత్త చెప్పు తొడుక్కుని నడిచింది.

శివలీల ఎంచింది. నవ్వలేదు. "సరిగ్గానే ఎంచినావు, యాభై నాలుగు. నిమ్ము చేరతాండాది. ఇంకో రెండు దినాలు ఇంట్లో పెట్టుకునింటే బిడ్డ ప్రాణం మీదికి వచ్చేది." డాక్టరుకు ఫోన్ చేసి, మొదటి మోతాదు అక్కడే తాపించింది.

వెనకనే ఒంటి చెప్పుతో వచ్చిన రామసుబ్బమ్మ ఆ మాట విని తానే బిడ్డ అంగీ ఎత్తి పొట్ట చూసింది.

ఐదో రోజుకు బుడ్డోడు అవ్వ ముక్కుపుల్ల పీకేంత కోలుకున్నాడు. ఆ మధ్యాహ్నం రామసుబ్బమ్మ కోడలి ఫోన్ తీసుకుని, వసారాలో గురక పెడుతున్న మొగుడి అంగీ ఎత్తి కూర్చుంది.

"సాహితీ! మీ మామకు ముప్పై ఆరు! లెయ్యప్పా, క్లినిక్కుకు పోదాం!"

"సగం చేసుకో అత్తా" అంది సాహితి.