చేతులతో మాట్లాడే వాడ

నన్ను గుడ్ల మేడం అంటారు. అంగన్‌వాడీ టీచర్ అంటే ఈ వాడలో సగం మందికి గుడ్లు పంచే మనిషి, అంతే. పిల్లల ఎదుగుదల గురించి ఆదిలాబాద్‌లో రెండేళ్లు చదివాను, మూడేళ్ల పిల్ల పూసలు గుచ్చుతుంటే దాని బుర్రలో ఏం జరుగుతుందో చెప్పగలను అంటే ఎవరికి కావాలి? "మేడం, ఇయ్యాల గుడ్డు గింత చిన్నగున్నదేంది?" అని అడుగుతారు. కోడినడుగు పో అంటాను. నా నోరు అలాంటిది. "లీలాబాయీ, గీ నోటితోని అత్తగారింట్ల ఎట్ల బతుకుతవే" అని మా అమ్మ తెగ భయపడేది. బతికాను. ఆటో నడిపే లింగమూర్తిని చేసుకుని సిరిసిల్ల వచ్చి, ఆయన్ను కూడా బతకనిస్తున్నాను.

కాకపోతే ఈ వాడలో నోటితో పెద్దగా పని లేదు. ఇక్కడంతా సాంచాలు. మరమగ్గాలను వీళ్లు అలాగే అంటారు. పొద్దున్నే మొదలైతే పొద్దు గుంకినా ఆగవు. మా సెంటర్ గోడకు అవతల కూడా అవే. చెవి పక్కన నిలబడి అరిచినా మాట వినబడదు. అందుకే జనం చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. పొట్ట ముందు చెయ్యి గుండ్రంగా తిప్పితే ఆసామి, అంటే సాంచాల యజమాని, వస్తున్నాడని, ఆయనకు బొజ్జ ఉంది కాబట్టి. మిగతా సంగతంతా ఎదుటివాళ్ల పెదాలు చూసి తెలుసుకుంటారు. అత్తాకోడళ్లు చప్పుడు లేకుండా చేతులతో కొట్లాడుకుంటుంటే మొదట్లో నేను పని మానుకుని మరీ చూసేదాన్ని.

హర్షిణి ఈ వాడ పిల్ల. నాలుగేళ్లు దాటాయి. వాళ్ల నాన్న సాయిచంద్ సాంచాలు నడుపుతాడు. తల్లి మంజుల ఆ షెడ్డులోనే దారం కండెలు చుడుతుంది. షెడ్డు వెనక ఒకే ఒక్క గది, కాపురం అందులోనే. పుట్టిన పదకొండో రోజు నుంచి పిల్ల ఉయ్యాల సాంచాల పక్కనే కట్టారు. ఎంత తెలివైన పిల్లో చెప్పలేను. నేను గిన్నె వైపు చూస్తే గిన్నె తెస్తుంది. చిన్నపిల్లలు ఏడిస్తే ముక్కు తుడుస్తుంది. మాట మాత్రం రాలేదు. గొంతులోంచి ఏదో ఒక కూత, అంతే.

"మా వాడ పోరగాండ్లకు మాట లేటుగనే వస్తది మేడం. చప్పుడుల పుట్టినోళ్లు గద" అనేది మా ఆయా కనకవ్వ. అది అబద్ధం కూడా కాదు. వాడలో పిల్లలందరికీ మాట ఆలస్యమే. నేనూ అదే అనుకున్నాను.

ఒక రోజు కొత్తగా కథ చెబుదామని పాత చీర అడ్డం కట్టి, దాని వెనక కూర్చుని, పుల్లలకు గుచ్చిన బొమ్మలు ఆడించాను. ఆ రోజు పక్క షెడ్డులో సాంచాలు బందున్నాయి. కోతి గొంతు, ముసలమ్మ గొంతు, పోలీసు గొంతు అన్నీ పెట్టి అరిచాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. హర్షిణి మాత్రం లేచి, చీర పక్కన నుంచి వెనక్కి వచ్చి, నా ఎదురుగా కూర్చుంది. బొమ్మల వైపు చూడనే లేదు. నా నోటి వైపు చూసింది. నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోతి గొంతుతో మాట్లాడాను. కొంగు లాగేసింది. మళ్లీ పెట్టుకున్నాను. మళ్లీ లాగేసి, నా పెదాల మీద వేలు పెట్టి, ఊఁ, కానీ అన్నట్టు తలాడించింది. ఆ రోజు కథ అక్కడే ఆపేశాను.

అయిదేళ్ల లోపు చెవిలో మాట పడకపోతే ఆ తర్వాత మాట రావడం చాలా కష్టమని నేను చదువుకున్నాను. పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంకో ఏడు నెలల్లో ఈ పిల్లకు అయిదు నిండుతాయి.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. సాయిచంద్ తల్లి ఐలవ్వ నా మాట సగం కూడా విననివ్వలేదు.

"ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా? నా మనుమరాలు చెవిటిదా? బువ్వ తినుదాం రాయే అంటె ఉరికొస్తది. నీళ్లు తేవే అంటె తెస్తది."

"చేతితోని అంటె తెస్తది అవ్వా. నోటితోని అను, చూద్దాం."

"అంటె అంట. నాకేమన్న భయమా?"

సాయిచంద్ సాంచాలు బంద్ చేశాడు. పిల్ల మాకు వీపు పెట్టి నేల మీద ఖాళీ కండెలు పేర్చుకుంటోంది. ఐలవ్వ ఒక అడుగు ముందుకు వేసి "హర్షిణీ!" అని కేక పెట్టింది. పిల్ల గిరుక్కున తిరిగింది.

"సూసినవా!" ఐలవ్వ నా ముందు చేతులు తిప్పింది.

"కాలు గట్టిగ కొట్టినవ్ అవ్వా. నేల అదిరింది. అందుకే తిరిగింది. కాలు కదపకుండ పిలువు."

"నేనేడ కొట్టిన కాలు?"

పాపం, ఆమెకు నిజంగానే తెలియదు. సాంచాల మధ్య బతికినవాళ్లకు ఎవరినైనా పిలిస్తే కాలు దానంతటదే లేస్తుంది. ఈసారి నిలబడిన చోటు నుంచే పిలిచింది. నాలుగుసార్లు పిలిచింది. పిల్ల తల తిప్పలేదు.

"ఆటల పడ్డది," అంది ఐలవ్వ. "నువ్వు ఆటల ఉంటె మీ అవ్వ పిలిస్తె పలికినవా?"

సాయిచంద్ తల్లి వైపు చూసి, నా వైపు చూసి, సాంచాలు మళ్లీ చాలూ చేశాడు. నేను ఉడికిపోతూ ఇంటికొచ్చి ఆ కోపం లింగమూర్తి మీద చూపించాను.

మర్నాడు పిల్లను దింపడానికి వచ్చిన మంజుల వెళ్లకుండా నిలబడింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"మేడం, నాకు ఎన్నడో అనుమానమొచ్చింది. ఇది పాలు తాగేటప్పుడు నేను పాట పాడితె నా గొంతు మీద చెయ్యి పెట్టేది. చెయ్యి తీస్తె ఏడ్సేది. దవఖానకు తీస్కపోదాం. అత్తమ్మకు నేను జెప్పుకుంట."

కరీంనగర్ వెళ్లాం. ఐలవ్వ కూడా వచ్చింది, మనుమరాలిని మా ఇద్దరి చేతుల్లో పెట్టేంత నమ్మకం ఆమెకు లేదు. అక్కడ పరీక్ష ఎలాగంటే, పిల్ల నిద్రపోవాలి. నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించి చెవుల్లో చప్పుడు చేస్తారు. అది మెదడుకు చేరుతోందో లేదో మిషను చెబుతుంది. నిద్ర మందు తాగిస్తే హర్షిణి డాక్టరమ్మ తెల్లకోటు మీదే కక్కింది. రెండోసారి కూడా అంతే. చల్లని గది, మెత్తని పరుపు, చీమ చిటుక్కుమనని నిశ్శబ్దం. మంజుల జోకొట్టీ కొట్టీ అలసిపోయింది. పిల్ల కళ్లు గుండ్రంగా తెరుచుకుని పైన ఫ్యాన్ చూస్తూ పడుకుంది. మళ్లీ ఇంకో రోజు రమ్మన్నారు.

బస్టాండులో ఐలవ్వ మొహం వెలిగిపోయింది.

"సప్పుడు లేక దానికి నిద్ర పట్టలే! ఇనబడనిదైతె సప్పుడు ఎందుకు గావాలె? చెప్పు మేడం, నువ్వు సదువుకున్నదానివి గద!"

"అవ్వా, అది చప్పుడు కాదు. అదురు. మీ ఇంట్ల నేల అదురుతది, మంచం అదురుతది, దానికి అలవాటు పడ్డది."

"ఏమో తల్లీ, నీ అదురు నాకు తెల్వది. నా పిల్లకు సాంచాల సప్పుడు గావాలె. గంతే."

వాడంతా చెప్పుకుంది. సాంచాల చప్పుడు వినబడకపోతే నిద్రపోని పిల్లను చెవిటిది అంటుందట గుడ్ల మేడం! అందరూ నవ్వారు, కనకవ్వతో సహా. ఆ పిల్ల తెలివి, అలవాటు, ఒంటికి తెలిసే అదురు, అన్నీ ఐలవ్వ పక్షాన సాక్ష్యం చెబుతున్నాయి. నా పక్షాన ఏమీ లేదు. నిజం చెప్పాలంటే, వినడానికి కూడా ఆమె మాటే బాగుంది. పిల్లకు అంతా బాగుందనే మాట ఎవరికి చేదు? మా ఆదిలాబాద్‌లో అన్నట్టు, అగ్గ బాయీ, ఒక్కోసారి నాకే అనిపించేది, ఆమె చెప్పిందే నిజమైతే ఎంత బాగుండునని.

తర్వాత పెద్ద ఆర్డరు వచ్చింది. సాయిచంద్‌కు ఊపిరాడలేదు. కొడుకు వెంట లేకుండా పిల్లను మళ్లీ దవాఖానకు పంపేది లేదని ఐలవ్వ పట్టుబట్టింది. ఇవాళ రేపు అంటూనే ఐదు నెలలు గడిచాయి. నేను ఎదురుపడితే అతను తల దించుకుని వెళ్లేవాడు. చివరికి వాడలో కరెంటు పని పడి ఒక రోజు సాంచాలన్నీ బంద్ పెడతారని తెలిసింది. ముందు రోజు వెళ్లి, "రేపు నువ్వు రాకపోతే నీ గుమ్మం ముందు పండుకుంట" అన్నాను. నా నోరు అతనికి తెలుసు. వస్తానన్నాడు.

నిద్ర సంగతి నేనే ఆలోచించాను. లింగమూర్తి ఆటోలో కూర్చుంటే నాకే పళ్లు అదురుతాయి. ఐలవ్వ మంజులను ఇంట్లోనే ఆపేసింది, సాయిచంద్, నేను పిల్లను అందులోనే తీసుకెళ్లాం. అనుకున్నట్టే ఊరు దాటకముందే హర్షిణి వాళ్ల నాన్న ఒళ్లో నిద్రపోయింది. దవాఖాన మెట్ల ముందు లింగమూర్తి ఇంజన్ ఆపకుండా కూర్చున్నాడు. గేటు దగ్గర మనిషి తిడుతున్నా ఆపలేదు. లోపల అంతా సిద్ధమయ్యాక పిల్లను ఎత్తుకుని పరుగెత్తాను. పరీక్ష అయింది. జీవితంలో నాకు తోచిన మంచి ఉపాయం అదొక్కటే.

డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా చెప్పింది. రెండు చెవులకూ వినికిడి లేదు. పుట్టుకతోనే లేకపోవచ్చు. చెవికి పెట్టే మిషన్ చాలదు. చెవి లోపల మిషన్ అమర్చే ఆపరేషన్ ఉంది. ఆలస్యమైంది, అయినా వెంటనే చేయిస్తే కొంత మాట రావచ్చు.

"వెంటనే చేయిద్దాం," అన్నాను నేను. సాయిచంద్ తలూపాడు. నాకు ఎంత సంతోషమైందో!

"ఆపరేషన్‌తో అయిపోదండీ," అంది ఆమె. "తర్వాతే అసలు పని. రెండు మూడేళ్లు పాపతో రోజంతా మాట్లాడుతూనే ఉండాలి. నిశ్శబ్దంగా ఉండే ఇల్లు కావాలి. ఆ మగ్గాల మధ్య ఉంటే పాపకు చప్పుడే అందుతుంది, మాట అందదు. ఇంట్లో పాపతో ఎవరు ఎక్కువ మాట్లాడతారు?"

సాయిచంద్ నా వైపు తిరిగాడు.

"మా ఇంట్ల మాట్లాడేటోళ్లు ఎవలున్నరు మేడం? పొద్దుందాక సాంచాల కాడనే. తినుడు గాడనే, పండుడు గాడనే. మంజులతోని నేను నోరు తెరిచి మాట్లాడి ఎన్ని దినాలైందో నాకే యాదికి లేదు."

జమ్మికుంటలో మంజుల పుట్టిల్లు ఉంది కదా, అక్కడ తల్లీబిడ్డలు ఉండొచ్చు కదా అన్నాను. వదినగారు రెండు రోజులకే మొహం మాడ్చుకుంటుందట. ఊరి చివర గది చూసుకోండి అన్నాను. మంజుల కండెలు చుట్టకపోతే పొయ్యి వెలగదు మేడం అన్నాడు. వేరే పని చూసుకో అన్నాను. నాకేం పని వచ్చు అని అడిగాడు, కోపంతో కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు. పొద్దంతా నా దగ్గర ఉంచండి, నేను మాట్లాడతాను అనబోయి ఆగిపోయాను. నా సెంటర్ గోడ అవతల ఏముంది? సెంటర్ మార్చమని రెండుసార్లు అడిగాను, ఆ కిరాయికి ఇంకో ఇల్లు దొరకదన్నారు. నేను చదివిన చదువంతా నోట్లోనే ఉండిపోయింది. "ఆలోచన చేస్తం అమ్మా," అని సాయిచంద్ లేచి నమస్కారం పెట్టాడు. అతను మళ్లీ రాడని డాక్టరమ్మకూ అర్థమైంది, నాకూ అర్థమైంది.

తిరుగుదారిలో పిల్ల లేచింది. తండ్రీ బిడ్డా దారి పొడుగునా చేతులతో ముచ్చట్లాడుకున్నారు. డాక్టరమ్మ కోటు, పెద్ద తలుపు, గేటు దగ్గర తిట్టిన మనిషి మీసాలు, అన్నీ చేసి చూపించింది. సాయిచంద్ నవ్వాడు కూడా.

మేము వెళ్లేసరికి కరెంటు వచ్చేసింది. వాడంతా సాంచాలు ఆడుతున్నాయి. ఐలవ్వ, మంజుల గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఐలవ్వ గడ్డం పైకెత్తి ఏమన్నారని అడిగింది. ఆ చప్పుడులో సాయిచంద్ నోరు తెరవలేదు. రెండు అరచేతులూ రెండు చెవుల మీద గట్టిగా పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

మంజుల లోపలికి వెళ్లిపోయింది. ఐలవ్వ గడప మీద కూర్చుండిపోయింది. హర్షిణి వాళ్ల నాన్న చేతుల వైపు చూసింది. కొత్త ఆట అనుకుంది. తనూ రెండు చేతులు చెవుల మీద పెట్టుకుని, తల ఊపి, నాయనమ్మ మొహంలో మొహం పెట్టి కిలకిలా నవ్వింది. ఐలవ్వ దాని చేతులు లాగేసింది. అది మళ్లీ పెట్టుకుంది.

మర్నాడు నేను సెంటర్‌కు వెళ్లేసరికి పిల్లలందరికీ నేర్పేసింది. అందరూ గుండ్రంగా కూర్చుని, చెవులు మూసుకుని, తలలు ఊపుతూ ఒకటే నవ్వు. "తియ్యుండ్రి చేతులు! ఏం ఆటరా ఇది, పాడుగాను!" అని కనకవ్వ కళ్లొత్తుకుంటూ అరుస్తోంది. చెవులు మూసుకున్నవాళ్లకు ఏం వినబడుతుంది? వద్దని చెప్పడానికి నాకూ నోరు రాలేదు. నాకే, ఈ లీలాబాయికి.

హర్షిణి నన్ను చూసి లేచి వచ్చింది. అందరూ ఆడుతుంటే నేనొక్కదాన్ని ఊరికే నిలబడటం దానికి నచ్చలేదు. నన్ను కూర్చోబెట్టి, నా రెండు చేతులూ పట్టుకుని, నా చెవుల మీద పెట్టి నొక్కింది. పక్క షెడ్డు చప్పుడు సన్నబడింది. నా మొహానికి దగ్గరగా వచ్చి, అచ్చం నేను కథ చెప్పేటప్పుడు కదిపినట్టే పెదాలు కదుపుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. చెప్పి, కళ్లు పెద్దవి చేసుకుని నా జవాబు కోసం చూసింది.

నేను చేతులు తియ్యకుండానే తల అడ్డంగా ఊపాను.