మూడో వరుస లేని పీట

నేను ఒక వామనగుంటల పీటని. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో నన్ను చేసి, రెండు వరుసల్లో ఏడేసి గుంటలు తవ్వినాయనకి తెలిసింది ఒక్కటే: గింజలు ఎక్కువున్నవాళ్ళే గెలుస్తారు. నాకూ అంతే తెలుసు. తునిలో చిట్టెమ్మ గారింట్లో చింతగింజలు మోస్తూ, ఆపాటి జ్ఞానంతోనే హాయిగా బతికాను. ఆవిడ మేనకోడలు నూకరత్నం లెక్కల్లో పరిశోధన చేస్తూ ఆ ఇంట్లో దిగింది. అప్పట్నించీ నాకు అంతా అయోమయమే.

ఆ పిల్ల చదివేది మాత్రికల గురించట. చిట్టెమ్మ గారికి అది మరోలా వినబడింది.

"ఏం మాత్రలే అవి? ఒంట్లో బాలేదా?"

"మాత్రలు కాదత్తా, మాత్రికలు. గళ్ళు. గడిలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు."

ఆ గళ్ళ లెక్కలు నూకరత్నం నా మీదే వేసేది. ఎడమ పక్క రెండు గుంటల కింద రెండు గుంటలు ఒక చదరం. నడుమ ఒకటి, కుడివైపు ఇంకొకటి. మిగిలిన చివరి గుంటల్లో సుద్దముక్కలు పడేసేది. గుంటలో గింజ ఉంటే ఒక ఊరినుంచి ఇంకో ఊరికి దారి ఉన్నట్టు. ఎడమ చదరంలో దారి పట్టుకుని, నడుమ చదరంలో దారి ఎక్కితే ఎక్కడ తేలతామో కుడి చదరంలో పెట్టాలి. రెండు దారుల్లో వెళ్ళగలిగినా అక్కడ ఒక గింజే.

"ఏవే, రెండు పడాలిగా, ఒకటే పెట్టావేం?" అంది చిట్టెమ్మ గారు.

"దారుందా లేదా అన్నదే కావాలత్తా. ఎన్నున్నాయని ఎవరూ అడగరు."

ఒకటీ ఒకటీ కలిస్తే ఒకటే. పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి అన్యాయం నేను చూడలేదు. ఈ చదరాలన్నీ కలిసి ఒక సెమీగ్రూపట. ఏ రెండింటిని గుణించినా ఆ ఇంటి బిడ్డే పుడుతుంది గానీ, చేసిన గుణకారాన్ని వెనక్కి తిప్పుకోగలమన్న హామీ లేదట. సగం గ్రూపు కాబట్టి సగం మర్యాదే కాబోలు అనుకున్నాను.

నూకరత్నం వెతికేది తోడు కోసం. ఒక చదరానికీ మళ్ళీ అదే చదరానికీ నడుమ ఇంకోదాన్ని నిలబెట్టి గుణిస్తే, మొదటిదే తిరిగి రావాలి. అలా తెచ్చేదే తోడు. నా మీద పెట్టిన ప్రతి చదరానికీ తోడు దొరికింది. ఆ పిల్ల మురిసిపోయి, ఎంత పెద్ద మాత్రికకైనా తోడుంటుందని సిద్ధాంతం రాసేసింది. థీసిస్ మొత్తం దాని మీదే కట్టింది. అది కూలితే ఇన్నేళ్ళ చదువూ కూలినట్టే.

సెమినారుకి నన్నూ సంచిలో పెట్టుకెళ్ళింది. గైడు సుదర్శనరావు గారు చివరిదాకా విని, నెమ్మదిగా అడిగారు.

"రెండు వరుసలకి బాగుందమ్మా. మూడు వరుసలకి చూశావా?"

"లేదండి."

"ఏం?"

నూకరత్నం సంచిలోంచి నన్ను బయటికి తీసింది. "మా పీటకి రెండు వరుసలేనండి."

గదిలో అందరూ నవ్వారు. సుదర్శనరావు గారు నవ్వలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ఆ పిల్ల నన్ను నేలమీద పెట్టి, నా కింద సుద్దతో మూడో వరుస, పక్కన చాలని గుంటలూ గీసింది. మూడూళ్ళు. ప్రతి ఊరినుంచీ మిగతా రెండూళ్ళకీ దారుంది, తన ఊళ్ళో తను తిరగడానికే లేదు. దానికి తోడు వెతకడం మొదలెట్టింది. నడుమ చదరంలో ఎక్కడ ఒక్క గింజ వేసినా, ఖాళీగా ఉండాల్సిన గుంటలో గింజ వచ్చి పడుతోంది. ఏమీ వెయ్యకపోతే అన్నీ ఖాళీ. వేసీ తీసీ, చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"దీనికి తోడు లేదత్తా. ఎవరొచ్చినా కుదరదు."

"అన్నిటికీ ఉందన్నావు కదే?"

"రెండు వరుసలున్నంతవరకూ ఉంది. మూడోది వచ్చాకే చెడింది."

చిట్టెమ్మ గారు పైటతో మేనకోడలి మొహం తుడిచింది. "కాపురాల్లోనూ అంతేనే," అంది.

ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. మర్నాడు వెళ్ళి తన సిద్ధాంతం తప్పని తనే చెప్పింది. ఎందుకు తప్పో కూడా బోర్డు మీద చూపించింది. "ఇప్పుడు మొదలైందమ్మా నీ థీసిస్," అన్నారట గైడు గారు. తోడు లేని మాత్రికల మీదే రాసి డాక్టరేటు తెచ్చుకుంది.

నేనిప్పుడు డిపార్ట్‌మెంటులో గాజు బీరువాలో ఉన్నాను. నా మీద ఎన్ని ఆటలు సాగాయో చెప్పలేను గానీ, గుంటలన్నీ ఖాళీ అయినవాళ్ళు ఓడి లేచి వెళ్ళిపోవడమే ఎప్పుడూ చూశాను. ఓడిపోయానని ఒప్పుకున్న మనిషిని కూర్చోబెట్టి పట్టా ఇవ్వడం ఏ ఆటలోదో నాకింకా అంతుపట్టలేదు.