పిన్ని వాన

మా అమ్మ చెల్లెల్ని ఇంట్లో అందరం చుక్కల పిన్ని అంటాం. ఇంటర్నెట్టు ఇంకా టెలిఫోను తీగ మీద కీచుమంటూ వచ్చే రోజుల్లో, ఆమె పగలు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి, సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో చుక్కా పెట్టి బొమ్మలు వేసేది. అలా తయారైందే 'వాన' అనే వెబ్ పేజీ. నల్లటి తెర మీద ఒక కిటికీ. చూడవచ్చినవాళ్లు ఎక్కడ నొక్కితే అక్కడ ఒక చినుకు పడుతుంది. వెనక వచ్చేవాళ్ల కోసం అక్కడే ఉండిపోతుంది. ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్లు కలిసి ఆ కిటికీని తడిపేశారు. తర్వాత ఆ పేజీకి ఉచితంగా చోటిచ్చిన కంపెనీ మూతపడింది. పిన్ని దగ్గర ఒక కాపీ మాత్రం మిగిలింది.

ఈ మధ్య ఒక ఆర్ట్ గ్యాలరీ తొలినాటి వెబ్ కళ మీద ప్రదర్శన పెడుతూ, ఆ కాపీ తెప్పించుకుని పిన్నిని పిలిచింది. తోడుగా నేనూ వెళ్లాను. మేనేజరు మమ్మల్ని గోడంత తెర ముందు నిలబెట్టాడు. గాజు మీద జారే నీళ్లు, ఉరుముల చప్పుడు. నాకైతే చూడముచ్చటగానే ఉంది.

"బాగుంది. ఎవరు చేశారు?" అంది పిన్ని.

"మీదే కదండీ! మావాళ్లు కాస్త మెరుగులు దిద్దారంతే."

"ఇది నాది కాదు బాబూ. నా వానలో చినుకు వేసేది మనిషి. ఇందులో మనిషికి పనేం లేదు, చూసి పోవడమే."

"మీ పాత పేజీ తెరుచుకోవడానికే బోలెడంత సేపు పడుతోంది. జనం ఆగరు మేడమ్."

"ఆగకపోతే పోతారు. రెండూ పక్కపక్కనే పెట్టండి. నా పేరు మాత్రం నాదాని కిందే ఉండాలి."

గొంతు పెంచలేదు, బతిమాలనూ లేదు. నేనేమైనా సర్దిచెబుతానేమోనని మేనేజరు నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. చివరికి ఒప్పుకున్నాడు. లావుపాటి పాత మానిటరు ఒకటి వెతికి తెప్పించారు. లైను వేగం కూడా ఆ కాలం నాటిదే ఉండేలా పిన్ని దగ్గరుండి సరిచేయించింది.

ప్రదర్శన మొదలైంది. పెద్ద తెర దగ్గర జనం ఫోటోలు తీసుకుని కదిలిపోతున్నారు. పిన్ని మానిటరు మీద కిటికీ పైనుంచి గీత గీతగా దిగుతోంది. హెల్మెట్టు చంకలో పెట్టుకున్న ఒకాయన విసుక్కుని వెళ్లబోయాడు.

"ఆగండి, సగం వచ్చిందిగా," అంది పక్కనున్న నర్సు. డ్యూటీ బట్టల్లోనే వచ్చిందావిడ.

"ఇంతకీ వచ్చేదేంటండీ?"

"నాకూ తెలీదు. ఇంతసేపు నిలబడి చూడకుండా పోతే మాత్రం నాకు నిద్ర పట్టదు."

ఇద్దరూ నవ్వారు. ఏమిటా నవ్వని ఇంకొందరు చేరారు. కిటికీ పూర్తయ్యేసరికి దాని నిండా చినుకులే.

"ఇవన్నీ ఎవరివండీ?" అన్నాడు హెల్మెట్టాయన.

"మీలా వచ్చిపోయినవాళ్లవి," అంది పిన్ని. "వాళ్లిప్పుడెక్కడున్నారో నాకూ తెలీదు. మరి మీదెక్కడ వేస్తారు?"

ఆయన చాలాసేపు వెతికి ఒక మూల నొక్కాడు. "అదిగో, అది నాదే!" అని నర్సుకి చూపించాడు. ఆవిడ దాని పక్కనే తనదీ వేసింది. వెనకవాళ్లు మా వంతెప్పుడని గోల మొదలుపెట్టారు.

మూసేవేళకి మేనేజరు వచ్చాడు. "మీరే గెలిచారు మేడమ్."

"మనం పందెం ఎప్పుడు కాశాం బాబూ?"

ఆయన నవ్వేశాడు. 'వాన' ఇక గ్యాలరీలోనే ఉంటుందన్నాడు. కొత్తది చేస్తారా అని కూడా అడిగాడు.

"ఈసారి ఫోనులో చేస్తా. ఇప్పుడు జనం ఉన్నదక్కడేగా," అంది పిన్ని, ముందే అనుకుని ఉన్నట్టు.

ఇంటికెళ్లే బస్సులో నా ఫోను లాక్కుని, తెర పొడవెంతో వేళ్లతో కొలవడం మొదలుపెట్టింది.